క్రిమి చేసే మందు

అహోబిలం కొండ దిగి వచ్చే యాత్రికులు ఆళ్లగడ్డలో బస్సు మారేటప్పుడు మా మెడికల్ షాపులో కొనేవి దాదాపు ఎప్పుడూ అవే. నొప్పుల బామ్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, బ్యాండేజీ, పుండు మీద చల్లుకునే పొడి. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దాకా, కొందరైతే ఉగ్రస్తంభం దాకా, మొక్కు పేరుతో చెప్పుల్లేకుండా ఎక్కుతారు. భవనాశి వాగులో రాళ్ల మీద కాలు జారి మోకాలు చెక్కుకుపోయినవాళ్లు వస్తారు. కొబ్బరిచిప్ప కోసం కోతితో తగువు పెట్టుకుని వేలు గీరించుకున్నవాళ్లూ వస్తారు. (కోతి గీరితే పొడి చల్లుకుని ఊరుకోకూడదు. సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, ఆస్పత్రికి పోయి రేబిస్ సూది వేయించుకోవాలి. వాళ్లకు పొడి అమ్మడం కంటే ముందు ఈ మాట చెప్పి పంపిస్తాను.)

ఆ పొడి పేరు నియోస్పోరిన్. తెలుగునాట ఇది లేని మందుల షాపు ఉండదు. లేబుల్ మీద ఉన్నది చదివేవాళ్లు మాత్రం తక్కువ. అక్కడ మూడు పేర్లుంటాయి. గ్రాముకు పాలీమిక్సిన్ బి 5000 యూనిట్లు, బాసిట్రాసిన్ జింక్ 400 యూనిట్లు, నియోమైసిన్ 3400 యూనిట్లు. మూడూ బాక్టీరియా తయారు చేసేవే. అందులో మొదటి రెండూ పెప్టైడ్లు.

ఈ సంగతి చెప్పాల్సి వచ్చింది ఎందుకంటే, రుద్రవరం వైపు నుంచి ఒక రైతు మా షాపుకు వస్తుంటాడు. బర్రెలున్నాయి, పాలు పోస్తాడు, ఫోన్లో వచ్చిందల్లా చదువుతాడు. ఆమధ్య వచ్చి, "అన్నా, యాంటీబయాటిక్కుల పని అయిపాయనంట గదా. బాక్టీరియాలో నుంచే ఏందో కొత్త మందు తీసినారంట, పెప్టైడో ఏందో. నీ కాడ ఉందా?" అన్నాడు. ఉందని చెప్పి ఆ పొడి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇదా! దీన్ని మా నాయన కాలం నుంచీ చల్లుతానే ఉండాం గదన్నా" అని తేలిగ్గా తీసేశాడు. అతని నిరాశ నాకు అర్థమైంది. కానీ అతను చెప్పిందీ నిజమే, నేను చూపించిందీ నిజమే.

మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, అమైనో ఆమ్లాలు వరసగా కలిస్తే ఏర్పడతాయి. వందల కొద్దీ కలిస్తే ప్రోటీన్ అంటారు. పదీ ఇరవై నుంచి యాభై దాకా ఉన్న చిన్న వరసలను పెప్టైడ్ అంటారు. ఒకే చోట, ఒకే తిండికి పోటీపడే బాక్టీరియా జాతులు కొన్ని, పక్క జాతిని చంపడానికి ఇలాంటి పెప్టైడ్లను తయారు చేసి బయటికి వదులుతాయి. మట్టిలో, పాలలో, మన పేగుల్లో, చర్మం మీద ఈ పోరు రాత్రీపగలూ జరుగుతూనే ఉంటుంది. దానితో మనకు నిమిత్తం లేదు, మనకోసం జరగడమూ లేదు. అక్కడి ఆయుధాన్ని మనం తెచ్చుకుని వాడుకుంటున్నాం, అంతే.

చంపే తీరు కూడా తెలుసుకోవాల్సిందే. బాక్టీరియా కణం పైపొర మీద రుణ విద్యుదావేశం ఎక్కువ. ఈ పెప్టైడ్లలో చాలావాటి మీద ధన ఆవేశం ఉంటుంది. కాబట్టి అవి పోయి దానికి అతుక్కుంటాయి, పొరలోకి దూరతాయి, చిల్లులు పెడతాయి. చిల్లు పడ్డ బిందెలో నీళ్లు నిలవనట్టు, కణంలోని సరుకంతా కారిపోతుంది. మన కణాల పైపొర మీద అంత రుణ ఆవేశం ఉండదు కాబట్టి అవి చాలావరకు తప్పించుకుంటాయి. ఈ 'చాలావరకు' అన్న మాట దగ్గరే అసలు తగాదా అంతా ఉంది. దానికి మళ్లీ వస్తాను.

ముందు బాసిట్రాసిన్ కథ చెప్పాలి. 1943 జూన్‌లో న్యూయార్క్‌లో మార్గరెట్ ట్రేసీ అనే ఏడేళ్ల పాప రోడ్డు ప్రమాదానికి గురైంది. కాలి ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది, గాయంలో వీధి మట్టి. ఆ గాయం నుంచి తీసిన నమూనాను కొలంబియా విశ్వవిద్యాలయంలో బాల్బినా జాన్సన్ అనే బాక్టీరియా నిపుణురాలు పరీక్షించింది. సూక్ష్మదర్శినిలో నేరుగా చూస్తే చీము పట్టించే స్టాఫిలోకాకస్ కనిపించింది. అదే నమూనాను రాత్రంతా పెంచి చూస్తే అది మాయమైంది. మిగిలింది బాసిల్లస్ జాతి బాక్టీరియా ఒక్కటే. ఎక్కువమంది అయితే నమూనా పాడైందని పారబోసి ఉండేవాళ్లు. ఆమె పారబోయలేదు. ఆ బాసిల్లస్సే ఏదో వదిలి రెండోదాన్ని చంపిందని అనుమానించి, శస్త్రవైద్యుడు ఫ్రాంక్ మెలెనీతో కలిసి ఆ పదార్థాన్ని పట్టుకుంది. 1945లో సైన్స్ పత్రికలో ఆ వివరాలు అచ్చయ్యాయి. బాసిల్లస్‌లో సగం, పాప ఇంటిపేరులో సగం కలిపి బాసిట్రాసిన్ అని పేరు పెట్టారు. మందు పేరులో రోగి పేరు మిగలడం ఎంత అరుదో నాకు తెలుసు. కంపెనీ పేర్లు తప్ప ఇంకేవీ మిగలని అలమారాల మధ్య కూర్చునేవాణ్ని.

ఈ మందును సూదిలో ఎక్కిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే చర్మానికే పరిమితం చేశారు. అమెరికాలో బాసిట్రాసిన్ ఇంజెక్షన్‌ను మార్కెట్ నుంచి తీసేయమని 2020లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ కంపెనీలను కోరింది. పైన పూసుకున్నా కొందరికి పడదు. దురద, ఎర్ర దద్దులు వస్తాయి. అక్కడి చర్మ ఎలర్జీ వైద్యులు 2003లో దీన్ని ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించారు. నడకలో చెక్కుకుపోయిన మోకాలికి నిజానికి ఈ పొడి కూడా అక్కర్లేదు, నీళ్లూ సబ్బూ చాలు. ఆ మాట చెబితే కొందరు నన్ను వింతగా చూస్తారు.

అంతకు ముందే, 1939లో, రెనే డ్యూబో అనే శాస్త్రవేత్త మట్టిలోని బాసిల్లస్ నుంచి గ్రామిసిడిన్ తీశాడు. పాడి ఆవుల పొదుగువాపుకు వాడి చూస్తే పనిచేసింది. మనుషుల రక్తంలోకి పోతే ఎర్ర రక్తకణాలను పగలగొట్టింది. అదీ పైపూతకే మిగిలింది.

ఇప్పుడు మన ఊళ్ల వైపు వద్దాం, బాక్టీరియా నుంచి జంతువుల ఒంట్లోని పదార్థాల వైపు కూడా. నంద్యాలలో ఆబోతుల ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. పశువుల డాక్టర్లు ఎదకొచ్చిన బర్రెకు, ఆవుకు వేసే సన్నటి గడ్డి పుల్లల్లాంటి స్ట్రాలు ఇలాంటి కేంద్రాల్లోనే తయారవుతాయి. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర నిల్వ ఉంటాయి. వీర్యాన్ని పలచబరిచే ద్రావణంలో బాక్టీరియా పెరగకుండా యాంటీబయాటిక్ కలపడం మామూలు పద్ధతి. ఈ వీర్యంలోనే బాక్టీరియాను చంపే పదార్థం ఒకటి ఉందని ప్రపంచానికి చెప్పింది హైదరాబాదు.

1979లో నేచర్ పత్రికలో ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్ప మిత్ర భార్గవ ఒక పరిశోధన ప్రచురించారు. వాళ్లు పనిచేసిన హైదరాబాదు పరిశోధన సంస్థ సీసీఎంబీ అప్పటికి పుట్టి రెండేళ్లు. ఆబోతు వీర్యంలో సెమినల్‌ప్లాస్మిన్ అనే చిన్న ప్రోటీన్ ఉందనీ, అది ఇ.కోలై బాక్టీరియాలో రైబోజోమ్‌కు కావలసిన ఆర్ఎన్ఏ తయారు కాకుండా అడ్డుకుంటుందనీ రాశారు. స్వీడన్‌లో హాన్స్ బోమన్ పట్టుపురుగుల జాతి చిమ్మట నుంచి సెక్రోపిన్ తీసింది ఆ తర్వాతే. అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ కప్ప చర్మంలో మాగైనిన్ కనిపెట్టింది 1987లో. ఈ రంగం చరిత్ర చెప్పేవాళ్లు చిమ్మటతోనో కప్పతోనో మొదలుపెడతారు. ఆబోతును ఎవరూ తలుచుకోరు. మనవాళ్లు కూడా తలుచుకోకపోవడం నాకు బాధ. భార్గవ పేరు చెబితే సైన్స్ ప్రచారం, జన్యుమార్పిడి పంటల మీద పోరాటం గుర్తొస్తాయి, ఇది రాదు.

సెమినల్‌ప్లాస్మిన్‌లో ఉన్నవి 47 అమైనో ఆమ్లాలు. సీసీఎంబీలోనే ఆర్. నాగరాజ్, ఎన్. సీతారాం దాన్ని ముక్కలుగా విడదీసి, ఏ ముక్కలో చంపే గుణం ఉందో వెతికారు. వరుసలో 13 అమైనో ఆమ్లాలున్న ఒక చిన్న ముక్క దొరికింది. దాన్ని ప్రయోగశాలలో విడిగా తయారు చేసి చూస్తే బాక్టీరియాను చంపింది. ఆ సంతోషం అక్కడే ఆగింది. అసలు సెమినల్‌ప్లాస్మిన్ ఎర్ర రక్తకణాల జోలికి పోదు. ఈ ముక్క మాత్రం వాటినీ పగలగొట్టింది. 1990లో అచ్చయిన ఆ వ్యాసం శీర్షికలోనే రెండు విషయాలూ పెట్టారు. బాక్టీరియానూ చంపుతుంది, రక్తకణాన్నీ పగలగొడుతుంది అని. ఆ తర్వాత చాలా ఏళ్లు వాళ్ల పని ఈ రెండింటినీ విడదీయడం మీదే సాగింది. ఒక అమైనో ఆమ్లం మారిస్తే ఏమవుతుంది, ఆవేశం పెంచితే ఏమవుతుంది, వరస తారుమారు చేస్తే ఏమవుతుంది అని.

పెప్టైడ్ల మీద ఎన్ని వార్తలు చదివినా నాకు ఈ 13 అమైనో ఆమ్లాల ముక్కే గుర్తొస్తుంది. క్రిమిని చంపేది దొరకడం కష్టం కాదు, బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది. మనిషిని వదిలేసి క్రిమిని మాత్రమే చంపేది దొరకాలి. దొరికినా, మింగితే కడుపులో మాంసం ముక్క అరిగినట్టే అరిగిపోతుంది, పెప్టైడ్ అంటే మాంసకృత్తి ముక్కే కదా. రక్తంలోకి ఎక్కిస్తే అక్కడి ఎంజైములు కోసేస్తాయి. కప్ప మాగైనిన్ నుంచి చేసిన పెక్సిగానన్ అనే లేపనం మధుమేహం ఉన్నవాళ్ల కాలిపుండ్లకు పనికొస్తుందని ఎంతో ఆశపడ్డారు. ఉన్న మందుల కంటే మెరుగు కాదని 1999లో అమెరికా అనుమతి ఇవ్వలేదు. షుగర్ పుండుతో వేలు తీయించుకున్నవాళ్లను నెలనెలా చూసే నాకు ఆ వార్త ఎప్పుడు తలుచుకున్నా ఉసూరుమనిపిస్తుంది.

మన రైతుకు నచ్చే ఉదాహరణ పాలలో ఉంది. పాలు తోడుకునేలా చేసే బాక్టీరియాల్లో లాక్టోకాకస్ లాక్టిస్ ఒకటి. దానిలో కొన్ని రకాలు నైసిన్ అనే పెప్టైడ్ చేస్తాయి, 34 అమైనో ఆమ్లాలది. ఒక బాక్టీరియా ఉన్న పాలలో మరోటి పెరగడం లేదని 1928లోనే గమనించారు. 1950ల్లో ఇంగ్లండ్‌లో వ్యాపారంగా మారింది, 1969లో ఆహారంలో వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు ఒప్పుకున్నారు. చీజ్ డబ్బా మీద ప్రిజర్వేటివ్ 234 అని కనిపిస్తే అది నైసినే. అంతకాలంగా, అన్ని దేశాల్లో తింటున్నా దానికి లొంగని బాక్టీరియా పెద్ద బెడదగా మారలేదు. కారణం ఉంది. బాక్టీరియా తన గోడ కట్టుకోవడానికి తప్పనిసరిగా వాడే లిపిడ్ 2 అనే పదార్థాన్నే అది పట్టుకుంటుంది, పట్టుకుని పొరకు చిల్లు పెడుతుంది. మార్చుకోవడానికి అది ప్రోటీన్ కాదు, కాబట్టి బాక్టీరియాకు తప్పించుకునే దారి తక్కువ. విదేశాల్లో పాలు పితికే ముందు పొదుగు తుడిచే తడి గుడ్డల్లో కూడా నైసిన్ వాడారు. ఇదంతా విని ఎవరైనా పెరుగన్నం తింటే జ్వరం తగ్గుతుందనుకుంటే మాత్రం పొరపాటే. ఇంటి పెరుగులోని ప్రతి లాక్టోకాకస్సూ నైసిన్ చేయదు. చేసినా అది పేగులోనే తెగిపోతుంది. పెరుగన్నం తినండి, మంచిది, మందు మాత్రం కాదు.

ఇక ఆ నియోస్పోరిన్ డబ్బా మీది మొదటి పేరు, పాలీమిక్సిన్. దాని తోబుట్టువు కొలిస్టిన్. 1940ల చివర్లో మట్టి బాక్టీరియా నుంచే రెండూ వచ్చాయి. మూత్రపిండాలకు హాని అని 1970లకల్లా కొలిస్టిన్‌ను దాదాపు పక్కన పడేశారు. తర్వాత కార్బపెనెమ్‌ల వంటి పెద్ద యాంటీబయాటిక్‌లకూ లొంగని బాక్టీరియా ఆస్పత్రుల్లో పెరిగేసరికి, మూల పడేసిన ఆ పాత మందునే దులిపి తెచ్చుకోవాల్సి వచ్చింది. కర్నూలులోనో హైదరాబాదులోనో ఐసీయూలో ఉన్న రోగి బంధువులు, డాక్టరు రాసిన చీటీ ఫోటో పంపి "అన్నా, ఇది దొరుకుతుందా?" అని అడుగుతుంటారు. చీటీలో కొలిస్టిన్ అని ఉంటే, మా చిన్న షాపులో దొరకదని చెప్పి, పెద్ద డిస్ట్రిబ్యూటర్ నంబరు ఇస్తాను. అదనంగా ఇంకేం అడగను. దానికి ముందు ఏమేం వాడి ఉంటారో, ఏవేవి పనిచేయకపోయి ఉంటాయో నాకు తెలుసు.

అంత ఆఖరి మందును మనం ఏం చేశాం? కోళ్లు తొందరగా బరువు పెరగాలని దాణాలో కలిపాం. చైనాలోనూ అదే చేశారు, పందుల మేతలో. 2015 నవంబరులో అక్కడి శాస్త్రవేత్తలు ఎంసీఆర్ 1 అనే జన్యువును బయటపెట్టారు. అది బాక్టీరియా పైపొర మీది రుణ ఆవేశాన్ని తగ్గించేస్తుంది, పెప్టైడ్ అతుక్కోవడానికి చోటే దొరకదు. పైగా ఆ జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న చుట్ట మీద ఉంది, ఒక బాక్టీరియా నుంచి ఇంకో జాతి బాక్టీరియాకు సులువుగా అందుతుంది. 2019 జూలైలో మన కేంద్ర ఆరోగ్య శాఖ తిండికోసం పెంచే పశువులు, కోళ్లు, చేపలు రొయ్యల పెంపకం, దాణా అన్నింటిలోనూ కొలిస్టిన్‌ను నిషేధించింది. మంచి పని. ఇంకా ముందే జరగాల్సింది.

అందుకే 'యాంటీబయాటిక్‌లకు ప్రత్యామ్నాయం' అన్న మాట మీద నాకు కొంచెం అనుమానం. పెప్టైడ్‌కు బాక్టీరియా అలవాటు పడదని గట్టిగా రాసేవాళ్లు కొలిస్టిన్ సంగతి మరిచిపోతున్నారు. ఏ మందు అయినా గుమ్మరిస్తే దానికి లొంగని రకం పెరుగుతుంది. ఎంత గుమ్మరిస్తామో చూడాలంటే పటాన్‌చెరు చాలు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. శుద్ధి అయిన తర్వాత వచ్చిన నీళ్లవి. మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ నీళ్లలో బతికే బాక్టీరియాకు వేరే శిక్షణ ఎందుకు?

అయినా నేను నిరాశావాదిని కాను. మందుల వ్యాపారంలో ఉండి నిరాశపడితే షట్టర్ దించుకోవాలి. 2015లో అమెరికాలో కిమ్ లూయిస్ బృందం మెయిన్ రాష్ట్రపు మట్టిలోనుంచి టీక్సోబాక్టిన్ అనే పెప్టైడ్ తీసింది. ప్రయోగశాలలో పళ్లెంలో పెరగమంటే పెరగని బాక్టీరియాను, దాని మట్టిలోనే ఉంచి పెంచే చిన్న పరికరం చేసి పట్టుకున్నారు. అదీ నైసిన్‌లాగే లిపిడ్ 2 మీద పడుతుంది. 2016లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఇంకో బృందం, మనిషి ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ లగ్డునెన్సిస్ అనే బాక్టీరియా లగ్డునిన్ అనే పెప్టైడ్ చేస్తుందనీ, దానితో తన పక్కనే ఉండే ప్రమాదకర స్టాఫిలోకాకస్ ఆరియస్‌ను అణచి ఉంచుతుందనీ కనుక్కుంది. డాప్టోమైసిన్ అయితే 2003 నుంచే ఆస్పత్రుల్లో ఉంది. టర్కీలో అరారత్ కొండ మట్టిలో దొరికిన బాక్టీరియా నుంచి వచ్చిందది. నల్లమల మట్టిలో ఏముందో ఎవరు చూస్తారో అనిపిస్తుంది నాకు. చెంచుల అడవి మందుల మీద పుస్తకాలు రాశారు, సరే, వాళ్ల కాళ్ల కింది మట్టినీ ఎవరైనా గిన్నెలో పట్టుకుపోతే బాగుండు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపిన రోజుల్లోనే, 1948లో, మట్టి బాక్టీరియా నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. దానికి మిస్సోరిలోని ఒక పొలం మట్టి పనికొచ్చింది. మన మట్టి ఎందుకు పనికిరాదు?

2019 ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బాక్టీరియా నేరుగా పొట్టన పెట్టుకున్నవాళ్లు ప్రపంచంలో 12.7 లక్షల మంది అని లాన్సెట్ పత్రిక లెక్క. కొత్త పెప్టైడ్ ఒకటి మా అలమారాకు చేరడానికి పదేళ్లు పట్టొచ్చు. ఈలోగా ఉన్నవాటితోనే నెట్టుకురావాలి. 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలు అమల్లో ఉంది. ఆ జాబితాలోని యాంటీబయాటిక్ అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. మా షాపులో ఆ పుస్తకం ఉంది. అది రాయడానికి నేను బద్ధకించను. రుద్రవరం రైతుకూ అదే చెప్పాను. బర్రెకు పొదుగువాపు వస్తే పశువుల డాక్టరును పిలవమని, పోయినసారి మిగిలిన సూది ఎక్కించొద్దని, సూది వేసినన్ని రోజులూ, ఆ తర్వాత డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆ పాలు పాల కేంద్రానికి పోయొద్దని. ముఖం చిట్లించాడు, కానీ విన్నాడు.

మీరూ ఎర్రగీత ఉన్న యాంటీబయాటిక్ స్ట్రిప్ అడిగినప్పుడు షాపువాడు చీటీ ఏదని అడిగితే కోప్పడకండి. జలుబుకు, మామూలు వైరస్ జ్వరానికి అది పనిచేయదు. డాక్టరు ఐదు రోజులు రాస్తే ఐదు రోజులూ వాడండి. మిగిలిన మాత్రలు పక్కింటి పిల్లాడికి ఇవ్వకండి.